నెలలు నిండిన ఇంటికి ఎవరొస్తారు?

కడుపుతో వున్నమ్మ కనక మానదు, వండినమ్మ తినక మానదు అంటారు మన పెద్దవాళ్ళు. జరగవలసింది ఎట్లాగూ జరిగే తీరుతుంది, నువ్వు ఊరికే గాభరా పడకు అని చెప్పడానికి ఈ సామెతను వాడుతూవుంటాం. మాట వాడుకలో అరిగిపోయి, అందులో నిజంగా కడుపుతో వున్న ఒక మనిషి వున్నదన్న సంగతే మరచిపోయాం. 2020లో ఆ మనిషి మళ్ళీ మన కళ్ళముందుకు వచ్చింది.

ఆ ఏడు మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు దేశమంతా మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. తెల్లవారితే శార్వరి నామ సంవత్సర ఉగాది. వేపపూత కోసం పక్కింటి గోడదాకా వెళ్ళడానికి కూడా జంకిన పండుగ అది. ముహూర్తాలు పెట్టుకున్న పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. పదో తరగతి పరీక్షలు వాయిదా పడి, చివరికి రద్దే అయినాయి. గుంటూరు మిర్చియార్డు మూతపడింది. కోసిన కాయ కల్లాల్లో ఎర్రగా పరచివుంటే, టిక్కీలకెత్తే కూలీ లేడు, ఎత్తినా కొనే వ్యాపారి లేడు. రైలు ఆగింది, బస్సు ఆగింది. నిండు నెలలతో వున్న కడుపు మాత్రం ఆగలేదు. ఏప్రిల్ పదో తేదీకి నొప్పులు రావలసిన అమ్మాయికి ఏప్రిల్ పదికే వస్తాయి గాని, రోడ్లు తెరిచిందాకా వుండమంటే వుంటాయా?

పోయిన నెలలో ఒంగోలు నుంచి ఒక సోదరి వుత్తరం రాసింది. వాళ్ళ అమ్మాయికి ఆ ఏడు మే నెలలో పురుడు వచ్చిందట. “కరోనా రోజుల మాట ఎత్తితే ఆక్సిజను గురించీ, మాస్కుల గురించీ, బారులు తీరిన దుకాణాల గురించీ చెబుతారు. మా అమ్మాయిలాంటి వాళ్ళకు ఫోను చేసి, ‘అమ్మా, బిడ్డ కదులుతున్నదా, కాళ్ళు వాచినాయా’ అని అడిగిన వాళ్ళ సంగతి ఎవరూ రాయరేం?” అని నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే. గర్భిణీలకు సాయంచేసే సంస్థలూ, మనుషులూ ఆ రెండేళ్ళలో తమ పని తీరును ఎట్లా మార్చుకున్నారో, అందులో ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో ఈ వారం చెప్పుకుందాం.

ముందు ఒక సంగతి ఆలోచించండి. మా అమ్మమ్మ చిలకలూరిపేట పక్క పల్లెలో ఏడుగురిని కన్నది. ఏడు కాన్పులూ ఇంట్లోనే, నులక మంచం మీద. మంత్రసాని ఇల్లు నాలుగిళ్ళ అవతల. అర్ధరాత్రి కబురు పెడితే దీపం పట్టుకుని వచ్చేది. ఊరికి కలరా వచ్చినా, వాగు పొంగినా ఆవిడ రాకకు అడ్డం లేదు. ఇంతవరకు చెప్పి ఆపితే పాతకాలం బంగారంలాగే కనిపిస్తుంది. ఐతే ఏడుగురిలో మిగిలింది నలుగురే అని కూడా చెప్పాలి గదా! మా అమ్మమ్మ చెల్లెలు రెండో కాన్పులోనే పోయింది. కాబట్టి ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరను.

ఇప్పుడు రోజులు మారినాయి. మన రాష్ట్రంలో 2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది చాలా గొప్ప మార్పు. ఐతే దీనికి ఇంకొక ముఖం వుంది. ఊళ్ళో మంత్రసాని లేదు. వున్నా ఆవిడకు చేయి తిరగదు. ప్రతి కాన్పుకీ మధ్యన ఒక రోడ్డు వుంది, ఆ రోడ్డు మీద ఒక బండి వుండాలి, రోడ్డు చివర తెరిచిన తలుపు వుండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఇంటిదగ్గర దిక్కులేదు. 2020 ఏప్రిల్‌లో మూడూ ఒకేసారి అనుమానంలో పడ్డాయి. గుంటూరు, నరసరావుపేట పేర్లు రోజూ వార్తల్లో వచ్చేవి. వీధులకు అడ్డంగా కర్రలు కట్టారు. ఆటో నడవదు. ఆస్పత్రి తెరిచివుంటుందో లేదో తెలియదు. తెరిచివున్నా అక్కడికి వెళితే లేని జబ్బు అంటుకుంటుందేమోనని భయం. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల పుట్టింట్లో, మొగుడు హైదరాబాదులో, చూపించుకున్న డాక్టరమ్మ ఇంకొక ఊళ్ళో వుండిపోయారు.

గర్భిణీ ఆస్పత్రికి రాలేకపోతే ఆస్పత్రే ఆమె దగ్గరకు వెళ్ళాలి అన్న ఆలోచన మన గుంటూరుకు కొత్తది కాదు. 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ ఇక్కడికి వచ్చింది. అప్పట్లో ఆడవాళ్ళు మగ వైద్యుడి ముందుకు రారు. ఘోషా ఇళ్ళ స్త్రీలు గడపే దాటరు. ఆవిడే ఇళ్ళకు వెళ్ళి చూసేది. 1886లో చిన్న మందుల శాల తెరిచింది. ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం పెద్ద ఆస్పత్రి 1898కి గాని తయారుకాలేదు. అంటే ఆస్పత్రి భవనం లేచేలోపల పదిహేనేళ్ళు ఆవిడే నడిచే ఆస్పత్రి అన్నమాట. ఆ తరువాత ఏలూరు రాజా అని పేరుపడ్డ మంత్రిప్రెగడ భుజంగరావు గారు, తమ ఇంట జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగడానికి ఆస్పత్రి ఎదురుగా సత్రం కట్టించారు. పురిటికి వచ్చేది ఒక్క మనిషి కాదనీ, ఆమె వెంట తల్లీ, అత్తా, బియ్యం మూటా కూడా వస్తాయనీ తెలిసిన దాత ఆయన. ఈ సత్రం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని అవసరం వస్తుంది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా మన దేశాన్ని తుడిచిపెట్టింది. కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాకుండా చనిపోయారని పరిశోధకుల అంచనా. ఆ జబ్బు గర్భిణీల మీద మరీ కసిగా పడిందని ప్రపంచమంతటా వైద్యులు రాసిపెట్టారు. ఆ గాలి తగ్గిన కొద్ది కాలానికే, 1920లో, ఆస్ట్రేలియా నుంచి మేరీ గ్లౌరీ అనే వైద్యురాలు సన్యాసిని కావడానికి గుంటూరు చేరింది. మెల్‌బోర్న్‌లో కంటి వైద్యంలో మంచి పేరున్న మనిషి, ప్రసూతి వైద్యం కూడా చదువుకుని మరీ వచ్చింది. ఇక్కడి సెయింట్ జోసెఫ్ ఆస్పత్రి ఆమె చేతిమీద పెరిగింది. ఆమె చేసిన పనుల్లో నాకు అన్నిటికంటె తెలివైనదిగా తోచేది ఇది: ఒక్క డాక్టరు ఎంతమందినని చూడగలదు అని ఆలోచించి, స్థానిక స్త్రీలకు మందులివ్వడంలో, నర్సు పనిలో, మంత్రసానితనంలో శిక్షణ ఇచ్చింది. 1943లో ఆమె ప్రారంభించిన కాథలిక్ ఆస్పత్రుల సంఘానికి ఇప్పుడు సికిందరాబాదు కేంద్రం. 2020 మార్చిలో కరోనా వచ్చిపడగానే, తమ వేయికి పైగా ఆస్పత్రుల్లోని దాదాపు 60,000 పడకలు ప్రభుత్వానికి వాడుకకు ఇస్తామని ముందుకు వచ్చిన సంస్థల్లో అదొకటి.

ఇంక 2020కి వద్దాం. మనిషి ఇంటికి వెళ్ళడానికి వీల్లేని రోజులు. అప్పుడు ఏం చేశారు?

మొదటి మార్పు ఫోను. బొంబాయిలో డాక్టర్ అపర్ణా హెగ్డే 2008లో స్థాపించిన ‘అర్మాన్’ అనే ధర్మసంస్థ వుంది. కడుపుతో వున్న పేద స్త్రీలకు ఏ వారానికి తగ్గ సలహా ఆ వారం ఫోనులో వినిపించడం దాని పని. చదువురాని తల్లికి కూడా అర్థమయ్యేట్టు, చదివే కాగితం కాకుండా వినే మాట పంపుతారు. మూసివేత మొదలవగానే వీళ్ళు రెండు పనులు చేశారు. మామూలు సలహాలకు తోడు కరోనా జాగ్రత్తలు చెప్పే పిలుపులు కలిపారు. రెండోది మరీ ముఖ్యం: అంతవరకు ఒకవైపు నుంచే వినబడే ఫోనును రెండువైపులా మాట్లాడేట్టు చేసి, ప్రసూతి వైద్యులనూ, పిల్లల డాక్టర్లనూ అవతల కూర్చోబెట్టి ఉచితంగా సలహా ఇప్పించారు. తరువాత ఈ సంస్థే తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలతో కలిసి, ప్రమాదమున్న గర్భాలను ముందుగా గుర్తుపట్టడంలో నర్సులకు శిక్షణ ఇచ్చే పనిలో పాలుపంచుకున్నది.

మన రాష్ట్రంలోనూ 2020 ఏప్రిల్ 13న 14410 అనే ఉచిత నంబరు పెట్టి, ఇంట్లో కూర్చునే డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు చేశారు. అదే రోజుల్లో కేంద్రం ‘ఈ-సంజీవని ఓపీడీ’ మొదలుపెట్టింది. ప్రసూతి వైద్యుల జాతీయ సంఘం ఫాగ్సీ, మామూలు గర్భమైతే ఊరికే పదిసార్లు ఆస్పత్రికి పరుగెత్తవద్దు, 12, 20, 28, 36 వారాలకు వస్తే చాలు, తక్కినప్పుడు ఫోనులో మాట్లాడుకోండి అని సలహా ఇచ్చింది.

రెండో మార్పు తిండి. అంగన్వాడీలో కడుపుతో వున్నవాళ్ళకు మధ్యాహ్నం వేడి అన్నం, పప్పు, కోడిగుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చే అలవాటు మన రాష్ట్రంలో అప్పటికి కొన్నేళ్ళుగా వుండేది. అక్కడే కూర్చుని తినాలన్న నియమం పెట్టడంలో ఒక లోకజ్ఞానం వుంది. ఇంటికి పంపితే ఆ గుడ్డు మొగుడి పళ్ళెంలోకో, పిల్లాడి పళ్ళెంలోకో పోతుంది. కరోనాతో ఆ కేంద్రాలు మూసి, బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, పాలు ఇంటికి చేర్చవలసి వచ్చింది. చేర్చారు కూడా. టీచరమ్మలు, ఆయాలు సంచులు మోసుకుని గుమ్మం గుమ్మం తిరిగారు. 2020 సెప్టెంబరు 7న ‘సంపూర్ణ పోషణ’ పేరుతో దాన్నే విస్తరించారు. ఐతే నేనొకటి అడుగుతాను, నొచ్చుకోకండి. ఆ ఇంటికి వచ్చిన గుడ్డు ఎవరు తిన్నారు? మన రాష్ట్రంలో గర్భిణీల్లో సగానికి పైగా రక్తహీనత వున్నవాళ్ళేనని పైన చెప్పిన సర్వేయే చెబుతున్నది. ఈ జవాబు ఏ ప్రభుత్వమూ రాయలేదు. మన వంటింట్లో మనమే రాయాలి.

మూడో మార్పు జాబితా. 2020 ఏప్రిల్ 14న కేంద్ర ఆరోగ్యశాఖ అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. కాన్పు సేవలు అత్యవసరమైనవి, ఆగడానికి వీల్లేదు, నెలలు నిండుతున్న వాళ్ళ పేర్లు విడిగా రాసుకుని ఫోనులోనైనా కనిపెట్టి వుండండి అని దాని సారాంశం. చెప్పడం ఢిల్లీ చెప్పింది గాని, రాసుకున్నది మన వీధిలో ఆశా కార్యకర్త. మా వీధి ఆశాకు ఒక బడిపిల్లల నోటుపుస్తకం వుండేది. ఒక పక్క పేరు, ఎదురుగా కాన్పు తేదీ, దానికెదురుగా మొగుడి ఫోను నంబరు. రాత్రి పది గంటలకు ఆ పుస్తకం ముందేసుకుని, “ఏమ్మా, ఐరన్ మాత్రలు వేసుకున్నావా? తల తిరుగుతున్నదా?” అని వరసగా అడిగేది. పగలంతా ఇల్లిల్లూ తిరిగి జ్వరాల సర్వే చేసి వచ్చిన మనిషి ఆమె! కొందరు గేటు తీయకుండానే, దూరంగా వుండమని కసిరేవారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు పది లక్షల మంది ఆశాలను కలిపి సన్మానించినప్పుడు, నాకు ఆ నోటుపుస్తకమే కళ్ళముందు మెదిలింది.

ఇంతవరకు బాగానే వుంది. ఐతే ఈ ఏర్పాట్లన్నిటికీ ఒక లోపం వుంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం దండోరా మాత్రమే అవుతుంది.

ఫోను రక్తపుపోటు చూడలేదు. కడుపుతో వున్నవాళ్ళను హఠాత్తుగా పొట్టన పెట్టుకునే పెద్దవాటిలో అదొకటి. మన పాతవాళ్ళు గుర్రపువాతం అని భయపడ్డది దీని ముదిరిన రూపమే. తలనొప్పి అని ఫోనులో చెబితే, నిద్రలేక వచ్చిందో, రక్తపుపోటు పెరిగి వచ్చిందో అవతలి డాక్టరుకు ఎట్లా తెలుస్తుంది? చేతికి పట్టీ కట్టి గాలి కొడితేగాని తెలియదు. అందుచేతనే ఆ నాలుగు రాకపోకలు తప్పనిసరి అన్నారు.

ఇంకొకటి, ఫోను మొగుడి జేబులో వుంటుంది. మొగుడు పొలంలో వుంటాడు. అత్తగారి ముందు కూర్చుని, “నాకు ఎర్రబట్ట కనిపిస్తున్నది” అని కొత్తకోడలు డాక్టరుతో ఎట్లా చెబుతుంది?

అన్నిటికంటె పెద్ద లోపం, జాబితాలో లేనివాళ్ళు. మిరప కోతలకు ఏటా కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలు మన గుంటూరు పల్లెలకు వలస వస్తాయి. పొలం గట్ల మీద పట్టాలు కప్పుకుని వుంటారు. ఆ ఏడు కోతలు పూర్తికాకుండానే రోడ్లు మూశారు. వేలమంది ఇక్కడే చిక్కుకుపోయారు. వాళ్ళలో కడుపుతో వున్న ఆడవాళ్ళు లేరా? వున్నారు. వాళ్ళ పేరు ఎక్కడో కోసిగి పక్కన ఒక ఆశా పుస్తకంలో వుంది. మనిషి ఇక్కడ వుంది. అక్కడి పుస్తకం ఫోను చేస్తే మోగదు, ఇక్కడి పుస్తకంలో ఆమె పేరు లేదు.

మా బంధువుల చేలో అట్లాంటి ఒక పిల్ల వుండేది. ఇరవై ఏళ్ళు కూడా లేవు, తొలిచూలు. మిరపకాయ ఘాటుకు కళ్ళు ఎర్రబడి, ఎనిమిదో నెలతో కాయ కోసేది. ఒక రాత్రి నొప్పులు వస్తే ఎట్లాగో బండి కుదిర్చి పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కరోనా పరీక్ష కాగితం లేనిదే లోపలికి రానివ్వమన్నారు. ఆ ఆస్పత్రి పేరు నేను రాయను. ఆ రోజుల్లో అట్లా భయపడినవి చాలా వున్నాయి. అక్కడి నుంచి ప్రభుత్వాస్పత్రికి తీసుకెళితే, తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. కాని ఆ రెండు గుమ్మాల మధ్య గంటన్నర గడిచింది. అదృష్టం బాగుండి గడిచింది అంతే.

అప్పటికే దీనికి చట్టంలాంటి మాట ఒకటి వచ్చివుందని తరువాత తెలిసింది. పరీక్ష జరిపే సౌకర్యం లేదనే కారణంతో గర్భిణీని ఇంకొకచోటికి పంపకూడదనీ, కాన్పు ఎక్కడ జరగాలో అక్కడే నమూనా తీసి పరీక్షకు పంపించాలనీ భారత వైద్య పరిశోధన మండలి 2020 ఏప్రిల్ 20నే చెప్పింది. నియమం కాగితం మీద వున్నా, గుమ్మం దగ్గర నిలబడ్డ కూలీ మొగుడికి అది తెలియకపోతే దానివల్ల ప్రయోజనం ఏమున్నది? ఆ రాత్రి వాళ్ళకు కావలసింది ఇంకొక ఆస్పత్రి కాదు. “ఈమెను మీరు చేర్చుకోవాలి, ఇదిగో నియమం” అని ఫోనులో గట్టిగా చెప్పే ఒక మనిషి. ఆపదలో వున్న గర్భిణీకి ధర్మసంస్థ చేయగలిగిన అతిపెద్ద సహాయం అదేనని నేననుకుంటాను.

2021 వేసవిలో వచ్చిన రెండో విడత ఇంకా దారుణం. మొదటి విడతలో కరోనా సోకిన గర్భిణీల్లో నూటికి 14 మందికే లక్షణాలు కనిపిస్తే, రెండో విడతలో అది 28 దాటిందని వైద్య పరిశోధన మండలి లెక్క తేల్చింది. మరణాలూ పెరిగాయి. ఆ రోజుల్లో గర్భిణీలకు టీకా వేయడానికి అనుమతే లేదు. అది 2021 జూలై 2న వచ్చింది. అనుమతి వచ్చాక కూడా, కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని అత్తలూ అమ్మలూ అడ్డుపడ్డారు. అప్పుడు గుమ్మంలో నిలబడి గంటసేపు నచ్చచెప్పిందీ ఆ నోటుపుస్తకం మనిషే. బిడ్డను ఆరు గంటలకొకసారి చూసుకునే డాక్టరు మాటకంటె, తొమ్మిది నెలలు వెంట తిరిగిన ఆశా మాటకు ఇంట్లో విలువ ఎక్కువ.

సత్రం సంగతి గుర్తుంచుకోమన్నాను గదా! కరోనాలో పురిటి గదికి వెంట ఒక్కరికి మించి రాకూడదన్నారు. కొన్నిచోట్ల ఆ ఒక్కరికీ లేదు. తొలిచూలు పిల్ల ఒంటరిగా, అవతలివాళ్ళ ముఖం కూడా కనిపించని తెల్లటి దుస్తుల మధ్య నొప్పులు పడింది. బిడ్డ పుట్టగానే, తల్లికి జబ్బు వున్నదని విడదీసి ఇంకొక గదిలో పెట్టిన సంఘటనలు విన్నాం. తల్లి మాస్కు కట్టుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని, బిడ్డకు పాలివ్వచ్చు, దగ్గర పెట్టుకోవచ్చు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటినుంచీ చెబుతూనే వుంది. ఆ మాట సకాలంలో చెప్పిన నర్సులున్న చోట బాలింతలు తేలికగా బయటపడ్డారు. చెప్పేవాళ్ళు లేనిచోట డబ్బా పాలు అలవాటైపోయినాయి.

ఇంతా చెప్పి నేను తేల్చేదేమిటి? మనవాళ్ళకు దానధర్మాలంటే భవనాలే కళ్ళముందు మెదులుతాయి. తప్పులేదు. 1946లో పెట్టిన మన గుంటూరు వైద్యకళాశాలలో చదువుకుని అమెరికా వెళ్ళిన డాక్టర్లు ‘జింకానా’ అనే తమ సంఘం తరఫున ఇక్కడి ప్రభుత్వాస్పత్రిలో తల్లీపిల్లల భవనానికి కోట్ల రూపాయలు ఇచ్చారు. ఎక్కడో స్థిరపడి, కన్న ఊరి కాన్పుల గది గుర్తుపెట్టుకున్న వాళ్ళకు చేతులెత్తి నమస్కరించాలి. ఐతే ఆ భవనం గుమ్మం దాకా ఆ పిల్లను చేర్చేది ఎవరో ఒకరు రాసుకున్న తారీఖు. కరోనాలో భవనాలన్నీ ఎక్కడివక్కడే వున్నాయి. తారీఖు రాసుకున్న మనిషి వున్నచోట కాన్పు సుఖంగా జరిగింది, లేనిచోట అదృష్టానికి వదిలేశాం. కాబట్టి సాయం చేయాలని వున్నవాళ్ళు ఒక గదికి పేరు పెట్టించుకునే ముందు, మీ ఊళ్ళో కోతలకు వచ్చిన వలస గుడిసెల్లో ఎంతమంది కడుపుతో వున్నారో ఒక సాయంత్రం వెళ్ళి లెక్కరాసి, ఆ కాగితం దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చి రండి. ఖర్చు ఒక కాగితం, ఒక కలం.

మహమ్మారి లేనప్పుడు కూడా తుపాను వుంటుంది, బందు వుంటుంది. అందుకని మన ఇళ్ళలో చేసుకోవలసినవి నాలుగు చెబుతాను. గోడమీద కాలెండరులో కాన్పు తేదీ చుట్టూ గుండ్రంగా గీసిపెట్టండి. దానికి మూడు వారాలు ముందునుంచీ ఇల్లు సిద్ధంగా వుండాలి. తేదీ పక్కనే 108, మీ ఆశా నంబరు, ఆస్పత్రి నంబరు, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే ఒక బండివాడి నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. ఆమె రక్తపు గుంపు రాయండి, ఆ రక్తం ఇవ్వగల ఇద్దరి పేర్లు రాయండి. మాతా శిశు కార్డు బీరువాలో దాచకుండా సంచిలో పెట్టండి.

రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, తలనొప్పితో కళ్ళు మసకలు కమ్మినా, ముఖం చేతులు వాచినా, జ్వరం వచ్చినా, మూర్ఛ వచ్చినా, ఆయాసం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, తెల్లవారనిద్దాం అనుకోకండి. ఫోనులో సలహా అడుగుతూ కూర్చోకండి. బయలుదేరండి.

ఇంకొక మాట. ఫోను ఆమె చేతికే ఇవ్వండి. డాక్టరమ్మతో మాట్లాడేటప్పుడు గదిలోనుంచి కాసేపు బయటికి వెళ్ళండి, అత్తగారూ మీరు కూడా! వింటే ఎట్లాగూ అర్థంకాని సంగతులు కొన్ని, విన్నా మనం మరచిపోయినట్టు నటించవలసిన సంగతులు కొన్ని వుంటాయి.

ఒంగోలు సోదరికి నా జవాబు ఇది. మీ అమ్మాయికి ఫోను చేసిన ఆ మనిషి పేరు మీకు తెలిసేవుంటుంది. ఆమె ఇప్పటికీ ఏదో వీధిలో ఏదో ఇంటి ముందు సంచి భుజాన వేసుకుని నిలబడేవుంటుంది. మీ మనుమరాలికి ఇప్పుడు బడికి వెళ్ళే వయసు. ఈసారి పుట్టినరోజుకు మొదటి మిఠాయి ఆమెకు పంపించండి.